తప్తపాణి: వేడినీటి బుగ్గ పక్కన మూడు రోజుల విశ్రాంతి

సెలవు దొరకడం వేరు, విశ్రాంతి దొరకడం వేరు. నాలుగు రోజులు సెలవు వస్తే మన ప్రాంతం వాళ్ళం ఏం చేస్తాం? తిరుపతి కొండకు వెళ్ళి క్యూలో నిలబడతాం. లేకపోతే ఊటీకో ఏర్కాడుకో వెళ్ళి కార్ల వరుసలో ఇరుక్కుంటాం. అదీ కాకపోతే హొగెనకల్‌లో నూనె మర్దనా చేయించుకుని, చేప వేపుడు తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరతాం. ఇవన్నీ మంచివే. కానీ తిరిగొచ్చాక "అబ్బ, ఇంక రెండు రోజులు పడుకుంటే గానీ ఒళ్ళు దారిలోకి రాదు" అనుకోని వాళ్ళు ఎంతమంది?

ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అంకెల మధ్య కూర్చున్న నాలాంటి వాడికి, రోజంతా వంటింట్లో నిలబడే ఇల్లాలికి, మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికే ఆలోచించే పెద్దవాళ్ళకు, పరీక్షలు అయిపోయినా ఫోను వదలని పిల్లలకు, అందరికీ ఒకేసారి పనికొచ్చే చోటు ఏదైనా ఉందా అని చాలాకాలం వెతికాను. నాకు తోచిన జవాబు వేడినీటి బుగ్గ ఉన్న చిన్న ఊరు. చూసి తీరాల్సిన చోట్ల జాబితా అక్కడ పొడుగ్గా ఉండదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం, మిగతా వేళ చెట్టు నీడన మాట్లాడుకోవడం, అంతే. ఆ ప్రయాణాన్ని ఎలా ఏర్పాటు చేసుకోవచ్చో మన సభ్యుల కుటుంబాల కోసం రాస్తున్నాను.

మనకు దగ్గరలో ఏమున్నాయి?

మన దేశంలో వేడినీటి బుగ్గలు మూడు వందలకు పైగా ఉన్నాయి. హిమాచల్‌లోని మణికరణ్‌లో నీళ్ళు ఎంత వేడిగా ఉంటాయంటే బియ్యం మూట కట్టి అందులో దించి అన్నం వండుతారు. మహారాష్ట్రలో వజ్రేశ్వరి, గణేశ్‌పురి ఉన్నాయి. ముంబయి వాళ్ళకు అవి పెరటి చెట్టు లాంటివి. దక్షిణాదికి మాత్రం ఈ భాగ్యం తక్కువ. కర్ణాటకలో పుత్తూరు దగ్గర బెంద్రుతీర్థం అనే చిన్న బుగ్గకు పేరుంది గానీ అది గోరువెచ్చని నీళ్ళ బుగ్గే.

తెలంగాణలోని భద్రాచలానికి దగ్గర్లో గుండాల అనే ఊరుంది. గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరుతాయి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు ఆ చోటు నీళ్ళ కిందికి పోతుంది. రామయ్య దర్శనానికి వెళ్ళినవాళ్ళు చూసి రావడానికి అది బాగుంటుంది, మూడు రోజులు ఉండిపోవడానికి వీలు తక్కువ. అక్కడికి కొంత దూరంలో మణుగూరు వైపు బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి కూడా వేడినీళ్ళు ఉబికి వస్తుంటాయి.

ఇవన్నీ బేరీజు వేసుకున్నాక నా ఓటు ఒడిశాలోని తప్తపాణికి పడింది. బరంపురం పట్నానికి పడమటగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల అడవి నడుమ ఉన్న చిన్న ఊరు అది. ఉద్యోగరీత్యా నేను మూడేళ్ళు బరంపురంలో ఉన్నాను. ఆ రోజుల్లో ఆదివారాలు అక్కడికి వెళ్ళేవాళ్ళం. పేరు చూసి కంగారు పడకండి. మనకు పాణి అంటే చెయ్యి, ఒడియా వాళ్ళకు పాణి అంటే నీళ్ళు. తప్తపాణి అంటే వేడినీళ్ళు, అంతే.

నీళ్ళు ఎందుకు కాగుతాయి?

పిల్లలు తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది. బుగ్గ అనగానే కింద అగ్నిపర్వతం ఉంటుందని చాలామంది అనుకుంటారు. తూర్పు కనుమల్లో అగ్నిపర్వతాలు లేవు. భూమి లోపలికి వెళ్ళేకొద్దీ వేడి పెరుగుతుంది, కిలోమీటరు లోతుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు. కొండల మీద పడిన వాన నీరు రాళ్ళ పగుళ్ళలోంచి చాలా లోతుకు దిగి, అక్కడి వేడిని పుచ్చుకుని, మరో పగులు వెంట తొందరగా పైకి వస్తే అదే వేడినీటి బుగ్గ. నెమ్మదిగా వస్తే దారిలోనే చల్లారిపోతుంది. మా భాషలో చెప్పాలంటే, మేఘం వేసిన డిపాజిట్టును భూమి ఎన్నో ఏళ్ళు అట్టిపెట్టుకుని వడ్డీతో సహా తిరిగి ఇస్తోందన్నమాట.

ఈ సందర్భంలో మన ఊరి గొప్ప కూడా పిల్లలకు చెప్పండి. సామల్పట్టి పేరు రైల్వే పట్టికలో కంటే భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కార్బొనటైట్ అనే అరుదైన రాయి ఇక్కడ ఉంది. అది కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లోంచి కరిగిన ముద్దగా పైకి వచ్చి గడ్డకట్టిన రాయి. మన కాళ్ళ కింద కూడా ఒకప్పుడు పెద్ద పొయ్యే ఉండేది. అది ఎప్పుడో చల్లారిపోయింది కనుకనే వేడినీళ్ళ కోసం ఇంత దూరం పోవలసి వస్తోంది!

ఊరు ఎలా ఉంటుంది?

బరంపురం నుంచి దిగపహండి మీదుగా దారి. అక్కడిదాకా వరిపొలాలు, తాటిచెట్లు. ఆ తర్వాత ఘాటు రోడ్డు ఎక్కుతుంది. గాలి చల్లబడుతుంది, చెట్లు దగ్గరవుతాయి. బుగ్గ దగ్గరికి వచ్చేసరికి గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. మొదట కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అరగంటలో అలవాటవుతుంది.

బుగ్గ పుట్టేచోట చిన్న కుండం, పక్కనే కంధుని దేవి గుడి. ఆ నీళ్ళు అక్కడి నుంచి జనం స్నానం చేసే చెరువులోకి పోతాయి. నీటి వేడి 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, అంటే ఒంటికి పట్టే వేడి. సంతానం కోరుకునే గిరిజన స్త్రీలు ఆ బుగ్గలో మునిగి, పక్కనున్న చెట్టు నుంచి రాలిన కాయల కోసం బురదలో చేత్తో వెతుకుతారు. కాయ దొరికితే కోరిక తీరుతుందని నమ్మకం. మన ఊళ్ళలో అమ్మవారి గుడి దగ్గర చెట్టుకు ఉయ్యాల కట్టే తల్లులను చూసిన వాళ్ళకు ఇది వింతగా అనిపించదు. అక్కడ ఎవరైనా మొక్కు తీర్చుకుంటూ ఉంటే దూరంగా నిలబడి, ఫొటోలు తీయకుండా ఉండడం మర్యాద.

ఒడిశా పర్యాటక సంస్థ వారి పంథనివాస్ అక్కడే ఉంది. కొన్ని గదుల్లోకి బుగ్గ నీళ్ళు గొట్టం ద్వారా వచ్చేలా పెద్ద తొట్లు కట్టారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు, ఆడవాళ్ళకు ఇది గొప్ప సదుపాయం. జనం మధ్య తడిబట్టలతో నిలబడే పని ఉండదు. అలాంటి గదులు కొన్నే కాబట్టి "తొట్టి ఉన్న గది" అని అడిగి మరీ ముందుగా తీసుకోవాలి. భోజనానికి అన్నం, కూరముక్కలు వేసి వండిన పప్పు, దానినే దాల్మా అంటారు. మన సాంబారు, పప్పుచారు తినే నోటికి అది పరాయిగా ఉండదు. ఆ కొండల్లో రాగులను మాండియా అంటారు, వాటితో జావ కాస్తారు. రాగిసంగటి తిని పెరిగిన మన కృష్ణగిరి వాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

ఒక పూట కాలక్షేపానికి గంట ప్రయాణంలో చంద్రగిరి ఉంది. 1963లో టిబెటన్ శరణార్థులకు అక్కడ స్థలం ఇచ్చారు. మైసూరు దగ్గర బైలకుప్పె లాంటిదే. అక్కడి జిరంగ్‌లో పద్మసంభవ మహావిహారం అనే పెద్ద బౌద్ధాలయం ఉంది, 2010లో దలైలామా ప్రారంభించారు. అంతకు మించి తిరుగుడు పెట్టుకోవద్దని నా సలహా.

అమ్మ అడిగిన ప్రశ్న

ఈ ప్రయాణం మాట ఇంట్లో ఎత్తినప్పుడు మా అమ్మ మొదట ఒప్పుకోలేదు. "నేను యాడికి వస్తానురా, ఈ మోకాళ్ళతో? మీరు పోయి రండి" అంది. ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. మనం కూడా "సరే, వచ్చే ఏడాది చూద్దాం" అనేస్తాం. కానీ డెబ్భై అయిదు దాటిన వాళ్ళ లెక్కలో ఒక ఏడాది అంటే మన లెక్కలో ఏడాది కాదు. డాక్టరును అడిగితే, జాగ్రత్తలు పాటిస్తే పోయి రావచ్చన్నారు. అప్పుడు అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "ఆడ తెలుగు మాట్లాడే వాళ్ళు ఉండారేమిరా?"

మామూలు ప్రశ్న కాదది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పిల్లలతో పిల్లల భాషతో నెట్టుకొచ్చిన మనిషి. పేరు చెప్పుకుని మాట కలపడానికి ఒక మనిషి దొరకని చోట ఆమెకు ఎంత మంచి గాలి అయినా ఊపిరాడదు. అదృష్టవశాత్తు నా జవాబు సిద్ధంగా ఉంది: "ఉండారమ్మా, చాలామంది ఉండారు."

గంజాం జిల్లా 1936 మార్చి 31 దాకా మద్రాసు రాష్ట్రంలోదే, మన సేలం జిల్లా లాగే. ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురం అటు పోయింది. ఇటు మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతం 1956 తర్వాత కూడా మద్రాసులోనే ఉండిపోయింది. ఇలా గీత ఒకచోట, జనం ఒకచోట ఉన్నవాళ్ళం మనమూ వాళ్ళూ. బరంపురం బజారులో ఇప్పటికీ తెలుగులో బేరమాడవచ్చు. అక్కడి పట్టు నేసేవాళ్ళలో డేరా కులస్థులు ముఖ్యులు. వీరి పూర్వీకులు తెలుగునేల నుంచి వచ్చిన దేవాంగులని చెబుతారు. రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి జాతరలో పెద్దరికం వీరిదే. మన పక్క దేవాంగుల ఇళ్ళు తెలిసిన వాళ్ళకు ఆ వీధుల్లో నడుస్తుంటే సొంత ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది.

రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి 1894లో బరంపురంలోనే పుట్టారు. మన హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన రాజాజీ గవర్నర్ జనరల్ అయ్యారు. సరిహద్దు ఊళ్ళ వాళ్ళు తక్కువ వాళ్ళేమీ కాదని పిల్లలకు చెప్పడానికి ఈ రెండు పేర్లు చాలు.

ఇంకొక పేరు కూడా చెప్పాలి. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం కదా, అది గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది పర్లాకిమిడిలో. చంద్రగిరి, జిరంగ్ ఉన్న గజపతి జిల్లాకు ఇప్పుడు అదే ముఖ్యపట్టణం. ఆ కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసినవారాయన. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు, అది ఇష్టం లేక, డెబ్భై ఏళ్ళు దాటిన వయసులో ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. గీతకు అవతల ఉండిపోయిన తెలుగువాళ్ళు మాత్రం అక్కడే ఉండి, ఒడియా చదువుకుని, ఇంట్లో తెలుగు నిలబెట్టుకుంటూ వచ్చారు. మన పిల్లలు 2006 చట్టం తర్వాత బళ్ళో తమిళం తప్పనిసరిగా చదువుతూ, ఇంట్లో తెలుగు వింటూ పెరుగుతున్నారు. అక్కడి ఇళ్ళలో తాతా మనవళ్ళు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో ఒక్కసారి మన పిల్లలు చెవులారా వింటే, నేను ఇక్కడ పది పేజీలు రాసినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చలిలో వేడినీళ్ళ సుఖం తెలుస్తుంది. ఎండాకాలంలో వేడినీటి స్నానానికి వెయ్యి కిలోమీటర్లు పోవడం ఎవరికైనా నవ్వు తెప్పిస్తుంది.

అక్టోబరు మాత్రం వద్దు. ఆ తీరానికి అది తుఫానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో అదే అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఊడ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్లో చాలా నష్టం చేసింది. దసరా సెలవులు కలిసొస్తాయి కదా అని ఆ వారంలో టికెట్లు తీయకండి.

క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వనభోజనాల వాళ్ళు లారీల్లో, మైకుసెట్లతో వస్తారు. వాళ్ళ సంతోషం వాళ్ళది. మనకు కావలసింది నిశ్శబ్దం కనుక జనవరి 20 తర్వాత, అదీ సోమవారం నుంచి గురువారం లోపు ఉండేలా చూసుకోండి. శని, ఆదివారాల్లో కొండ దిగి గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డుకు వచ్చేయవచ్చు. ఒకప్పుడు రంగూన్ ఓడలు ఆగిన రేవు అది.

ప్రయాణం ఇలా

కృష్ణగిరి పట్నానికి రైలు లేదు కాబట్టి ఈ చుట్టుపక్కల వాళ్ళకు సామల్పట్టి, తిరుపత్తూరు, జోలార్‌పేటలే దిక్కు. మొదటి రోజు మద్రాసు చేరి రాత్రి అక్కడ పడుకోండి. రెండో రోజు పొద్దున్నే సెంట్రల్‌లో కోరమండల్ ఎక్కితే పగలంతా ఆంధ్రదేశం దాటుకుంటూ పోయి రాత్రికి బరంపురం చేరుస్తుంది. సాయంత్రం బయలుదేరే హౌరా మెయిలు కూడా ఉంది. హోసూరు వాళ్ళకు బెంగుళూరు నుంచి భువనేశ్వర్ పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా బరంపురంలో దింపుతుంది. వేళలు మారుతుంటాయి కనుక టికెట్టు తీసేటప్పుడు సరిచూసుకోండి.

నేను పగటి బండికే ఓటేస్తాను. దానికి ఒక కారణం ఉంది. తడ స్టేషను నుంచి ఇచ్ఛాపురం దాకా, దారి పొడవునా, ప్రతి స్టేషను బోర్డు మీద తెలుగు అక్షరాలుంటాయి. తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రాని మన పిల్లలకు ఇంతకంటే పెద్ద వాచకం లేదు. పక్కనే ఇంగ్లీషు కూడా ఉంటుంది కాబట్టి సరిపోల్చుకుంటూ పోవచ్చు. బండి ఆగిన చోట ఒక్కొక్క పేరు చదివితే ఒక్కొక్క మార్కు అనండి. మధ్యాహ్నానికి విజయవాడ, ఆ తర్వాత గోదావరి వంతెన. వంతెన మీద పెద్దవాళ్ళు చిల్లర వేసి దండం పెట్టుకుంటుంటే పిల్లలు కిటికీ వదలరు. ఇచ్ఛాపురం దాటాక బోర్డు మీద లిపి గుండ్రంగా మారుతుంది, అదే ఒడియా.

టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. 2024 నవంబరుకు ముందున్న 120 రోజుల పద్ధతి లేదు. వృద్ధులకు ఇచ్చే రాయితీని 2020 మార్చిలో తీసేశారు. అయితే అరవై దాటిన మగవాళ్ళకు, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకు కింది బెర్తు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఖాళీ ఉంటేనే దొరుకుతుంది కనుక మొదటి రోజే తీసుకోవాలి. ఒకే టికెట్టులో ఎక్కువమందిని కలిపితే ఆ అవకాశం తగ్గుతుంది. పెద్దవాళ్ళ ఇద్దరికీ విడిగా తీయడం మేలు.

రాత్రి దిగగానే కొండ ఎక్కవద్దు. బరంపురంలో పడుకుని, పొద్దున పట్టుబజారు చూసి, అప్పడాలు, ఊరగాయలు కొనుక్కుని (వాటికి ఆ ఊరు పేరుపొందింది) మధ్యాహ్నం కారులో బయలుదేరండి. తెలుగు వచ్చిన డ్రైవరును అడిగి పెట్టుకోండి, కష్టం లేకుండా దొరుకుతాడు. కొండ మీద అందరికీ తెలుగు రాదు కాబట్టి అతనే మీకు నోరు.

నీళ్ళలో దిగే ముందు

వేడినీళ్ళు బిగుసుకున్న కీళ్ళను సడలిస్తాయి, నీటిలో ఒళ్ళు తేలికవుతుంది, నిద్ర బాగా పడుతుంది. ఇంతవరకు నిజం. రోగాలన్నీ పోతాయన్నది మాత్రం నమ్మి మందులు మానకండి.

ఒక విడతకు పది, పదిహేను నిమిషాలు చాలు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగనిదే దిగకూడదు. వేడినీళ్ళలో రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు తగ్గుతుంది. చటుక్కున లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. పెద్దవాళ్ళు లేచేటప్పుడు పక్కన ఒకరు ఉండి తీరాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, కాలినా తెలియదు. ముందు మోచేత్తో వేడి చూసి తర్వాత కాళ్ళు పెట్టాలి. పుండ్లు, గాయాలు ఉంటే వద్దు. స్నానానికి ముందూ తర్వాతా మంచినీళ్ళు తాగాలి, బుగ్గ నీళ్ళు తాగకూడదు.

చెరువులో తల ముంచకండి, పిల్లలను ఈత కొట్టనివ్వకండి. వెచ్చని నిలవనీటిలో పెరిగే ఒకరకం అమీబా ముక్కులోంచి మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, కానీ వస్తే ప్రాణాపాయం. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో ఇలాంటి కేసులు వచ్చిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. మెడ దాకా నీళ్ళుంటే చాలు, సుఖానికి లోటుండదు.

ఆడవాళ్ళకు ఒక మాట. మెట్టెలు, పట్టీలు, పిల్లల వెండి మొలతాడు తీసి గదిలో పెట్టండి. గంధకపు నీళ్ళు తగిలితే వెండి నల్లబడుతుంది. కొండ ప్రాంతంలో మలేరియా ఉంది కాబట్టి దోమతెర, ఒంటికి రాసుకునే మందు, పొడుగు చేతుల చొక్కాలు మరవకండి.

జపాన్ వాళ్ళు వేడినీటి బుగ్గలను దేవాలయాల్లా చూసుకుంటారు. సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా కడుక్కున్నాకే బుగ్గనీళ్ళలో దిగుతారు, నీళ్ళలో సబ్బు పడనివ్వరు, గట్టిగా మాట్లాడరు. ఆ మూడు నియమాలూ మనం పాటిస్తే ఎవరూ వద్దనరు.

ఖర్చు, సెలవు

వృత్తి ధర్మంగా డబ్బు మాట చెప్పకుండా ఉండలేను. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి. మొదటిది రైలు, గది, కారు. వీటిని ముందే కట్టేస్తాం, కాబట్టి బయలుదేరిన రోజుకు మరిచిపోవచ్చు. రెండోది భోజనం, కాఫీలు, చిల్లర. మూడోది అత్యవసరం. మొత్తంలో ఐదో వంతు దీనికి కేటాయించి వేరే కవరులో పెట్టండి. ఇల్లు చేరేదాకా ముట్టకూడదు. పట్టుచీర ఈ మూడింటిలోనూ రాదు, దానికి నాలుగో గడి గీసి ఇంట్లో ముందే ఒక అంకె మీద రాజీకి రండి! కొండ మీద ఫోను సిగ్నలు నమ్మకం లేదు, కనుక బరంపురంలోనే కొంత నగదు తీసుకోండి. ఎల్.ఎఫ్.సి. వాడుకునే బ్యాంకు మిత్రులు తల్లిదండ్రులను చేర్చే నియమాలు తమ బ్యాంకులో కనుక్కోవాలి.

బ్యాంకువాళ్ళకు ఇంకొక సంగతి తెలుసు. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్ళు ఏడాదికి ఒకసారి ఏకబిగిన కనీసం పది పనిదినాలు సెలవు మీద వెళ్ళి తీరాలని, అదీ ముందుగా చెప్పకుండా పంపాలని రిజర్వు బ్యాంకు 2021లో ఆదేశించింది. సీటులో మనిషి లేనప్పుడే లెక్కల్లో లోపాలు బయటపడతాయని దాని ఉద్దేశం. నాకు అందులో ఇంకొక మంచి కనిపించింది. మనం లేకపోయినా బ్రాంచి నడుస్తుందని మనకు తెలుస్తుంది. అలాంటి సెలవు హఠాత్తుగా వస్తే ఏం చేయాలో తోచక ఇంట్లో కూర్చుంటాం. ప్రయాణ పథకం ఒకటి ముందే రాసి బీరువాలో పెట్టుకుంటే తత్కాల్ టికెట్టు తీయడమే ఆలస్యం.

చివరిగా

అక్కడ మూడు రోజులు ఉన్నప్పుడు రోజుకు ఒక గంట తప్ప ఫోన్లు పెట్టెలో పెట్టేయండి. టీవీ అడగకండి. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ పెళ్ళి సంగతులు, మన ఊళ్ళో కరువు వచ్చిన సంవత్సరాలు, ముత్తాతలు ఏ ఊరి నుంచి ఈ పక్కకు వచ్చారో అడగండి. ఇంట్లో ఇవి అడగడానికి మనకు తీరదు, చెప్పడానికి వాళ్ళకు సందు దొరకదు. ఆ మాటలు ఒక నోటుబుక్కులో రాసే పని పెద్దపిల్లలకు అప్పగించండి.

జనవరి చివర్లో వెళ్ళాలనుకునేవాళ్ళు నవంబరు చివర్లోనే టికెట్లు, గది తీసుకోవాలి. ఇంట్లో డెబ్భై దాటిన వాళ్ళుంటే ముందు డాక్టరును అడగండి, ఆ తర్వాత వాళ్ళను అడగండి. మొదట వద్దనే అంటారు. రెండోసారి కూడా అడగండి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్ళినా బాగుంటుంది, అంతకు మించితే మాత్రం మనమే వనభోజనాల గుంపు అయిపోతాం.